పాత పుస్తకంలో పండుమీను, బందరు నీళ్లలో పండుగప్ప



బందరు నుంచి మంగినపూడి వెళ్లే రోడ్డు మీద ఆదివారం పూట ఈమధ్య కొత్త సందడి కనిపిస్తోంది. మోటారు సైకిళ్లకు గాలం కర్రలు కట్టుకుని కుర్రవాళ్లు వస్తున్నారు. గుడివాడ, విజయవాడ, ఒక్కోసారి ఏలూరు నుంచి కూడా. రీలు కొత్తది, దారం కొత్తది, రంగురంగుల రబ్బరు చేపలు పెట్టెలో సర్ది ఉంటాయి. ఇంత సరంజామా ఉండి కూడా చాలామంది సాయంత్రానికి ఖాళీ సంచీతో తిరుగు దారి పడతారు. ఎక్కడ వేయాలో, ఏ వేళకు వేయాలో, ఏ చేపకు ఏ ఎర పెట్టాలో చెప్పేవాళ్లు వాళ్లకు దొరకలేదు. ఈ ప్రసంగం ముఖ్యంగా వాళ్ల కోసం. చేపలు పట్టే అలవాటు లేకపోయినా, ఈ నీళ్ల పక్కన పుట్టి పెరిగినవాళ్లందరి కోసం కూడా.

బందరు తీరానికంటూ గాలం వేసేవాళ్లకు దారి చూపే పుస్తకం తెలుగులో నా కంటపడలేదు. దారి చూపగలిగిన పాత పుస్తకాలు రెండు మాత్రం ఉన్నాయి. రెండూ ఇంగ్లీషులోవే, రెండూ దొరలు రాసినవే. మొదటిది గాలం పుస్తకం. రెండోది చేపల పుస్తకం.

గాలం పుస్తకం రాసినవాడు హెన్రీ సల్లివాన్ థామస్. మద్రాసు సివిల్ సర్వీసు ఉద్యోగి, దక్షిణ కన్నడ జిల్లాలో కలెక్టరుగా పనిచేశాడు. 1873లో మంగళూరులో ‘ద రాడ్ ఇన్ ఇండియా’ అచ్చువేయించాడు. దానికి 1881లో రెండో ముద్రణ, 1897లో మూడో ముద్రణ వచ్చాయి. మధ్యలో 1887లో చెరువుల్లో గాలం వేయడం గురించి ‘ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా’ అని ఇంకొకటి రాశాడు. మొదటి పుస్తకంలో ఎక్కువ భాగం కొండ ఏరుల్లో తిరిగే మహసీర్ చేప గురించే. మన లంకల్లో, కాలవల్లో మహసీర్ ఏముంటుంది? అందుకని చాలామంది ఆ పుస్తకాన్ని నాలుగు పేజీలు చదివి పక్కన పడేస్తారు. అలా పడేయకూడదంటాను. థామస్ దగ్గర నేర్చుకోవలసింది చేప పేరు కాదు, చేపను చూసే పద్ధతి. మహసీర్ నోరు ఎలా ఉంది, పెదవులు ఎలా ముందుకు సాగుతాయి, గొంతులో పళ్లు ఏ అమరికలో ఉన్నాయి, ఆ గొంతు పళ్లతో అది దేన్ని నలగ్గొట్టగలదు అని ఆయన విప్పి చూశాడు. తినే తిండి తెలిస్తే వేయవలసిన ఎర తెలుస్తుంది, తినే చోటు తెలిస్తే గాలం దింపవలసిన లోతు తెలుస్తుంది.

ఇదే పద్ధతిని మన చేపల మీద పెట్టి చూడండి. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది, పై నీటిలో మేస్తుంది. మోసు నోరు కిందికి ఉంటుంది, అడుగు బురదలో వెతుక్కుంటుంది. శీలావతి ఈ రెంటికీ నడుమ తిరుగుతుంది. అంటే గుడివాడ పక్క చెరువులో ఒకే బెండు, ఒకే పిండి ఎర పెట్టుకుని కూర్చున్నా, బెండుకీ గాలానికీ మధ్య దారం ఎంత వదిలారన్న దాన్ని బట్టి పడే చేప మారిపోతుంది. ఉప్పునీటి వైపు వస్తే కొయ్యంగ నోరు చిన్నది. బురద మీది పాచినీ నాచునీ గీరుకుని తింటుంది. దానికి రొయ్య గుచ్చి గంటలకొద్దీ కూర్చోవడం వృథా, అది వలకు పడే చేప. మాగకు ముట్టె కింద నోరు, రొమ్ము రెక్కల కింద దారాల్లాంటి వేళ్లు ఉంటాయి. కన్ను ఆనని మురికి నీటిలో ఆ దారాలతో తడుముకుంటూ రొయ్యనీ చిన్న చేపనీ పట్టుకుంటుంది. మన తీరపు నీళ్లు ఏడాదిలో చాలా కాలం మురికిగానే ఉంటాయి కాబట్టి మాగకు ఇది పుట్టిల్లు లాంటి చోటు. పండుగప్ప నోరు పెద్ద గుహ. కదిలే ప్రాణిని ఒక్క గుక్కలో లోపలికి లాగేస్తుంది. పడమటి తీరంలో గాలం వేసిన కలెక్టరు చెప్పిన పాఠం కృష్ణా జిల్లా చేపలకు ఇంత చక్కగా అతుకుతుంది.

ఇక రెండో పుస్తకం. నాకు ఎక్కువ ఇష్టమైనది ఇదే.

పాట్రిక్ రస్సెల్ అనే పేరు మనవాళ్లకు పాము వల్ల తెలుసు. రక్తపింజరను ఇంగ్లీషులో రస్సెల్స్ వైపర్ అంటారే, ఆ రస్సెల్ ఈయనే. ఎడిన్‌బరోలో పుట్టి, సిరియాలోని అలెప్పోలో వైద్యుడిగా పనిచేసి, తమ్ముడు క్లాడ్ రస్సెల్ కంపెనీ కొలువులో ఉండగా 1780లలో విశాఖపట్నం వచ్చాడు. 1785 నుంచి ఈస్టిండియా కంపెనీకి ప్రకృతి శాస్త్రవేత్త. 1789లో తిరిగి ఇంగ్లండు వెళ్లిపోయాడు. పాముల మీద 1796లో పుస్తకం తెచ్చాడు. 1803లో విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల వర్ణనలూ బొమ్మలూ రెండు సంపుటాలుగా లండన్‌లో అచ్చయ్యాయి. ఆ తరవాత రెండేళ్లకు కన్నుమూశాడు.

ఆ పుస్తకం తెరిస్తే తెలుగువాడికి గుండె ఝల్లుమంటుంది. చాలా చేపల తలకట్టున ఉన్నవి లాటిన్ పేర్లు కావు. విశాఖ రేవులో పల్లెకారులు ఆయనకు చెప్పిన పేర్లు. ఆయన చెవికి వినిపించినట్టుగా ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. నోట్లో పలుక్కుని చూస్తే మన చేపలు ఒక్కొక్కటే ఒడ్డుకొస్తాయి. పండుమీను. నల్ల చందువా, తెల్ల చందువా. కచిలి, అంటే ఇవాళ లక్షలు పలికిందని పత్రికలో చదివే మన కచిడి. మాగ. పాలబొంత. పులస. కానాగుర్త. ఇప్పటికీ బందరు చేపల బజారులో గంప ముందు నిలబడి ఈ పేర్లతోనే బేరమాడవచ్చు. పండుమీను మాత్రం మన వైపు పండుగప్ప అయింది.

లాటిన్ పేర్లు పెట్టే పని రస్సెల్ చాలావరకు ఇతరులకు వదిలేశాడు. పారిస్‌లో కూర్చున్న క్యూవియే మొదలైన పండితులు ఈ పుస్తకం చూసి ఆ పని చేశారు. బంగాళాఖాతం ముఖం చూడని క్యూవియే ఈ పుస్తకంలోని తెలుగు పేరునే తీసుకుని 1816లో ఒక చేపకు కానాగుర్త అని శాస్త్రీయ నామం ఖాయం చేశాడు. జపాన్‌లోనైనా ఆఫ్రికా తీరంలోనైనా ఇవాళ ఆ చేపను శాస్త్రజ్ఞులు రాస్ట్రెల్లిగర్ కానాగుర్త అనే పిలవాలి. పులసకు పలాసా అనీ, పాలబొంతకు పాలా అనీ ఆయన పెట్టిన పేర్లు ఆ చేపలకు అంతకు ముందే వేరే పేర్లు ఉండడం వల్ల నిలవలేదు. బరాకుడాలలో ఒక జాతికి మాత్రం విశాఖ జాలరి నోటి మాట జెల్లో ఇంకా నిలిచే ఉంది. పేరు చెప్పిన ఆ జాలర్లలో ఒక్కరి పేరైనా ఆ శాస్త్రీయ నామాల్లోకి ఎక్కలేదు. చేపను ఎరిగినవాళ్లు వాళ్లు, కాగితం మీద పెట్టినవాడు రస్సెల్, లోకం పేరు పెట్టింది క్యూవియే. మొదటి వరసలోని వాళ్లకు దక్కవలసిన గౌరవం ఇంకా బాకీ ఉందని నా నమ్మకం.

ఈ పుస్తకంలోని బొమ్మలు అచ్చుతీసుకుని గిలకలదిండి రేవుకు తీసుకువెళ్లాను. అక్కడ వలలు బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన పక్కన కూర్చుని, “బాబాయ్, ఇవి గుర్తుపట్టగలవా?” అని ఒక్కొక్కటే చూపించాను. పేరు కప్పిపెట్టి బొమ్మ మాత్రమే చూపించాను. ఆయన చూపు ఆనకపోతే కాగితాన్ని ఎండలోకి తిప్పుకుని మరీ చూశాడు. మాగను రెక్క కింది దారాలు చూసి పట్టేశాడు. కచిడిని తోక చూసి పట్టేశాడు. పండుమీను బొమ్మ దగ్గర కాసేపు ఆగాడు.

“చేపని బాగానే ఏశాడు మాస్టారూ. అదెక్కడుంటదో రాయలేదా?”

రాయలేదని చెప్పాను.

“మరి ఈ పుస్తకం చూసి చేపనెట్టా పడతారు?”

ఆ ప్రశ్నకు ఆయనే జవాబు చెప్పుకుపోయాడు. పోటు మీద పండుగప్ప మడ అడవుల్లోకి పోయి పడుకుంటుందట. పాటు మొదలై మడల్లోంచి నీళ్లు దిగేటప్పుడు రొయ్యపిల్ల, చిన్న చేప ఆ నీళ్లతోపాటే కాలవలోకి జారతాయి. అప్పుడు పెద్ద చేప కాలవ నోటి దగ్గర, ఏ మొద్దు పక్కనో తూము పక్కనో, ఒడ్డుకు ఆనుకుని నిలబడుతుంది. “అది ఏటకి తిరగదు మాస్టారూ, కూచుంటది. తిండే దాని కాడికొస్తది” అన్నాడు. శాస్త్రం చెప్పేదీ అదే. ఈ చేప పొంచి ఉండి తినేది. పిల్లగా తీపి నీటిలోకి ఎక్కుతుంది, గుడ్లు పెట్టేవేళకు ఉప్పు నీటికి దిగుతుంది. మగచేపగా పెరిగి, పెద్దయ్యాక ఆడదిగా మారుతుంది. అందుకే పెద్ద పండుగప్పలు చాలావరకు గుడ్లు పెట్టే ఆడవే. గాలం వేసే కుర్రవాళ్లకు ఇక్కడ ఒక మనవి. పెద్దది పడితే ఫోటో తీసుకుని వదిలిపెట్టండి.

చేప ఎక్కడుంటుందో రాయకపోవడం రస్సెల్ తప్పు కాదు. ఆయన చేపలు విశాఖ రేవులో ఒడ్డుకు వచ్చినవి. అక్కడ కొండలు సముద్రం అంచు దాకా వస్తాయి, రాళ్లుంటాయి, కొద్ది దూరంలోనే లోతు దొరుకుతుంది. మంగినపూడిది నల్లమట్టి తీరం. కృష్ణ తెచ్చిన ఒండ్రు మీద సముద్రం పలచగా పరుచుకుని ఉంటుంది. ఎంత దూరం నడిచినా మోకాలి లోతే వచ్చే చోట్లున్నాయి. ఒడ్డున నిలబడి ఎంత బలంగా విసిరినా గాలం లోతు నీటిలో పడదు. మంగినపూడిలో సరదాకు గాలం వేసేవాళ్లు నిరాశపడడానికి సగం కారణం ఇదే. గాలానికి నీళ్లు కావాలంటే కాలవలు, ఉప్పుటేర్లు సముద్రంలో కలిసే మొగల వైపు పోవాలి. పులిగడ్డ దగ్గర కృష్ణ చీలి దివిసీమను కౌగిలించుకుని సముద్రంలో కలుస్తుంది. అక్కడి ఊళ్ల పేర్లే నీళ్ల పటం చదివి వినిపిస్తాయి: ఏటిమొగ, పాలకాయతిప్ప, ఎదురుమొండి, నాచుగుంట. ఆ మడ అడవుల్లో చాలా భాగం కృష్ణా అభయారణ్యంలోకి వస్తుంది కాబట్టి అటవీ శాఖను అడగకుండా లోపలికి పోకూడదు. మొగల్లో ఇసక తిప్పలు ఏటేటా జరుగుతుంటాయి. పోయినేడు నడిచిన చోట ఈ ఏడు నిలువులోతు ఉండవచ్చు. ఊరివాళ్లను అడగకుండా అక్కడ నీళ్లలో కాలు పెట్టకండి.

మరి వేళ? దానికి మన ఇంట్లోనే పుస్తకం ఉంది. అది పంచాంగం. చంద్రుడు రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తాడు. పోటు కూడా అంతే ఆలస్యంగా వస్తుంది. ఘడియ అంటే 24 నిమిషాలు, అంటే తిథికి సుమారు రెండు ఘడియలు వెనక్కి జరుగుతుందన్నమాట. మీ ఊరి కాలవ నోటి దగ్గర ఒక పౌర్ణమి నాడు నిండు పోటు ఎన్ని గంటలకు వచ్చిందో రాసుకోండి. పాడ్యమికి రెండు ఘడియలు, విదియకు నాలుగు, తదియకు ఆరు కలుపుకుంటూ పోండి. అష్టమి నాటికి ఆరు గంటల తేడా వచ్చి, పౌర్ణమి నాడు పాటు ఉన్న వేళకు పోటు ఉంటుంది. అమావాస్యకు మళ్లీ మొదటి వేళకే వస్తుంది. గాలివాటాన్ని బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది గానీ లెక్క తప్పదు. పౌర్ణమికీ అమావాస్యకూ, ఆ తరవాత ఒకటి రెండు రోజులూ, నీటి ఎత్తుపల్లాలు ఎక్కువ. అష్టమి, నవమి రోజుల్లో నీళ్లు మందగిస్తాయి. మన తీరంలో పోటుకూ పాటుకూ మధ్య తేడా మనిషి ఎత్తు కూడా ఉండదు. అయినా నేల ఇంత చదును కాబట్టి ఆ కొద్ది నీరే కాలవల వెంట ఎంతో దూరం లోపలికి ఎక్కుతుంది. పాటు మొదలైన గంట, ముఖ్యంగా అది తెల్లవారుజామునో సందెవేళనో పడితే, పండుగప్ప కోసం వెళ్లేవాడికి అంతకన్న మంచి సమయం లేదు.

ఋతువుల విషయంలో మాత్రం పాత పుస్తకాలను నమ్మకండి. రస్సెల్, థామస్ ఎరిగిన నదులు వేరు. విజయవాడలో కృష్ణకు ఆనకట్ట 1855 నాటికి పూర్తయింది. ఆనకట్టలు ఎగువకు ఈదే చేపలకు దారి మూస్తున్నాయని ఫ్రాన్సిస్ డే అనే మత్స్యశాఖ అధికారి 1873 నివేదికలోనే ప్రభుత్వానికి విన్నవించాడు. ఆ ఆనకట్ట స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. ఎగువన నాగార్జునసాగర్, శ్రీశైలం వచ్చాయి. ఒకప్పుడు వానాకాలమంతా సముద్రంలోకి దిగిన ఎర్రనీరు ఇప్పుడు గేట్లు ఎత్తిన రోజుల్లోనే దిగుతోంది. తీపి నీరు తగ్గిన కొద్దీ ఉప్పు లోపలికి జరుగుతోంది. నీరు మారితే చేప తిరిగే చోటూ మారుతుంది, వచ్చే నెలా మారుతుంది. కైకలూరు, ముదినేపల్లి, కృత్తివెన్ను వైపు వరి పొలాలు చెరువులైపోయాయి. 2023 మేలో బందరు పోర్టు పనులు మొదలయ్యాయి. సముద్రంలోకి రాతి గోడలు వేసి, అడుగు తవ్వి ఓడలకు లోతు చేస్తే, మంగినపూడి దగ్గర ఒండ్రు కొట్టుకుపోయే తీరూ పేరుకునే తీరూ మునుపటిలా ఉండవు. పోర్టు రావాలని బందరువాళ్లు తరాలుగా కోరుకున్నారు, రావలసిందే. దాని పక్కన నీళ్లు ఎలా మారుతున్నాయో రాసిపెట్టేవాళ్లు కూడా ఉండాలి.

ఇంత పట్టుదల ఎందుకంటే, నోట్లోనే ఉన్న విద్య ఒక్క రాత్రిలో పోవడం ఈ తీరం చూసింది. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెనలో బందరులోనూ చుట్టుపక్కలా 30,000 మంది దాకా పోయారని లెక్క. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన పది వేలకు పైగా ప్రాణాలు తీసుకుంది. సొర్లగొంది లాంటి పల్లెలు ఊళ్లకు ఊళ్లే తుడిచిపెట్టుకుపోయాయి. పోయినవాళ్లలో వేలమంది వల వేసి బతికినవాళ్లు. ఏ మొగలో ఏ నెలలో ఏ చేప దొరుకుతుందో, ఏ గాలికి నావ తిప్పెయ్యాలో, ఏ తిప్ప వెనక తుపాను వేళ తలదాచుకోవచ్చో వాళ్లకు తెలుసు. అదంతా వాళ్లతోనే పోయింది. మిగిలినవాళ్లు మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నారు. ఈ ఉప్పెనల గురించి మాట్లాడేటప్పుడు ఈ నష్టాన్ని ఎవరూ లెక్కలో వేయరు.

ఇవాళ సముద్రం మీదికి పోయేవాళ్లకు హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఉపగ్రహాల సాయంతో సముద్రపు వేడినీ నీటిలోని పచ్చదనాన్నీ చూసి, చేపలు ఎక్కడ గుమిగూడే అవకాశం ఉందో చెబుతోంది. తుపాను వస్తే రేడియో ముందే హెచ్చరిస్తుంది. ఇవి ప్రాణాలు కాపాడుతున్నాయి, పొట్ట నింపుతున్నాయి. కాలవ నోటి దగ్గర మొద్దు పక్కన పండుగప్ప కూర్చుని ఉందని మాత్రం ఏ ఉపగ్రహమూ చెప్పదు. ఆ విద్య గిలకలదిండి బాబాయి లాంటివాళ్ల దగ్గరే ఉంది. వాళ్ల పిల్లల్లో చాలామంది చదువుకుని ఊళ్లు విడిచారు. మంచిదే. ఆ చదువుకున్న పిల్లలే దీన్ని రాసిపెట్టే పనికి అందరికన్న తగినవాళ్లు.

అందుకని నా విన్నపం ఇది. గాలం పట్టుకుని వెళ్లే తమ్ముళ్లూ, జేబులో ఒక చిన్న పుస్తకం, ఒక పెన్సిలు పెట్టుకోండి. చేప పడినా పడకపోయినా ఆ రోజు తిథి, వేళ, పోటా పాటా, నీటి రంగు, గాలి ఎటు నుంచి వీస్తోంది, ఆ చోటును ఊరివాళ్లు ఏమని పిలుస్తారు అన్నవి రాయండి. పడితే చేప పేరు అక్కడివాళ్లనే అడిగి, వాళ్లు అన్నది అన్నట్టే రాయండి. తీరగ్రామాల్లో పనిచేసే ఉపాధ్యాయులకు ఒక మాట. మీ పిల్లలకు సెలవుల్లో ఇచ్చే పనిగా, వాళ్ల తాతల దగ్గర చేపల పేర్లు, అవి దొరికే చోట్లు, నెలలు అడిగి రాసుకురమ్మనండి. రాసుకొచ్చినవి మీ బడిలో ఒక ప్రతి దాచి, ఇంకో ప్రతి బందరులోని కృష్ణా విశ్వవిద్యాలయానికి పంపండి. రస్సెల్, థామస్ పుస్తకాలు ఇప్పుడు ఇంటర్నెట్లో ఉచితంగానే దొరుకుతాయి. బొమ్మలు అచ్చుతీసి తాతల ముందు పెడితే మాట దానంతట అదే వస్తుంది. చెప్పినవాళ్ల పేరు ఆ కాగితం మీద తప్పకుండా రాయండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధంలో మరబోట్లు ఒడ్డునే ఉంటాయి. పెద్దవాళ్లకు తీరిక ఉండేది అప్పుడే, బడులకు సెలవులు ఉండేదీ చాలావరకు అప్పుడే. ఈ వేసవికే మొదలుపెట్టండి.